సరళ లోలకంతో జీ (గురుత్వ త్వరణం) విలువ 9.13 వచ్చింది, తప్పెక్కడ?

లోలకం_మాస్టారు · డిసెంబర్ 27, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ ఏడాది సెకండియర్ ఎంపీసీలో ఐదుగురు పిల్లలకు ప్రయోగాలంటే నిజమైన ఇష్టం ఉంది. రికార్డులో రాసేసిన జవాబు కోసం కాకుండా మన చేత్తో ఏదైనా కొలుద్దాం సార్ అని వాళ్లే వచ్చి అడిగారు. సరే, తెలిసిన సరళ లోలకంతోనే మొదలుపెట్టండి, కానీ ల్యాబ్ సామాను ముట్టుకోకుండా మీకు దొరికిన వాటితో చేయండి అన్నాను.

ఒకమ్మాయి వాళ్ల నాన్న తాపీ మేస్త్రి. గోడ నిలువు చూసుకోవడానికి వాడే ఇనప గుండు తెచ్చింది. కింద మొన తేలి, పైన దారం కట్టే కొక్కెం ఉంటుంది కదా, అది. వరండాలో కిటికీ పైకమ్మీకి రెండు చెక్క ముక్కలు బిగించి, వాటి మధ్య దారం నొక్కిపెట్టి వేలాడదీశారు. 20 డోలనాలకు సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో పట్టిన సమయాలు ఇవి.

40 సెం.మీ. పొడవుకు 26.3 సెకన్లు
60 సెం.మీ.కు 31.9
80 సెం.మీ.కు 36.6
100 సెం.మీ.కు 40.8
120 సెం.మీ.కు 44.6

ప్రతి పొడవుకూ మూడుసార్లు తీసి సగటు వేశారు. ఫోర్ పై స్క్వేర్ ఎల్ బై టీ స్క్వేర్ సూత్రంలో (ఎల్ అంటే పొడవు, టీ అంటే ఒక్క డోలనానికి పట్టే సమయం) పెడితే జీ విలువలు వరసగా 9.13, 9.31, 9.43, 9.49, 9.53 వచ్చాయి. రావాల్సిన 9.8 కంటే తక్కువ రావడం ఒక సంగతి. పొడవు పెరిగే కొద్దీ విలువ కూడా పెరుగుతూ పోవడం మరో సంగతి. "9.8 వచ్చేలా టైములు కొంచెం సర్దుదామా సార్?" అని ఒకబ్బాయి మెల్లగా అడిగాడు. ఒక్క అంకె కూడా ముట్టుకోవద్దన్నాను. పొడవులు వాళ్లే కొలిచారు, నేను చివర్లో వెళ్లాను. రేపు పిల్లలకి ఈ పేజీ చూపిస్తాను, మీకేం అనిపిస్తోందో రాయండి.

భిలాయ్_ఇంజినీర్ · డిసెంబర్ 27, రాత్రి 10:25

మాస్టారూ, పిల్లలు గుండును ఎంత పక్కకి లాగి వదిలారు? చిన్న కోణానికే కదా ఆ సూత్రం పనిచేసేది. ఎక్కువ లాగితే ఆవర్తన కాలం, అంటే ఒక్క డోలనానికి పట్టే సమయం పెరుగుతుంది, జీ తగ్గుతుంది. పొట్టి లోలకాన్ని అదే దూరం లాగితే కోణం పెద్దదవుతుంది కాబట్టి 40 సెం.మీ. దగ్గర దోషం ఎక్కువ కనిపించి ఉండొచ్చు. దానికి తోడు గాలి నిరోధం, వరండా కాబట్టి గాలి వీచడం కూడా ఉంటాయి. గది తలుపులు వేసి మళ్లీ చేయించండి.

పాత_ఒలింపియాడ్ · డిసెంబర్ 27, రాత్రి 11:48

భిలాయ్ అన్న చెప్పిన కారణం మంచిదే. అది సరిపోతుందో లేదో లెక్క వేసి చూద్దాం.

కోణాన్ని రేడియన్లలో తీసుకుంటే, దాని వర్గాన్ని 16తో భాగించినంత వంతు కాలం పెరుగుతుంది. 20 డిగ్రీలు లాగితే కాలం 0.8 శాతం కూడా పెరగదు. జీ తగ్గేది ఒకటిన్నర శాతం. ఇక్కడ 9.13 రావాలంటే సుమారు 42 డిగ్రీలు లాగాలి. అంత లాగితే అక్కడున్న ఎవరికైనా కంటికే తెలుస్తుంది. ఇనప గుండు మీద గాలి నిరోధం ఊపును మెల్లగా తగ్గిస్తుందే తప్ప కాలాన్ని ఇంతగా మార్చదు.

డోలనాల లెక్క తప్పిందా అంటే, వదిలేటప్పుడే "ఒకటి" అని మొదలుపెడితే 19 డోలనాలనే 20 అనుకుంటాం. చాలామంది చేసే పొరపాటు అది. కానీ అప్పుడు జీ దాదాపు 11 శాతం పెరగాలి. ఇక్కడ తగ్గింది. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమా? 40 సెం.మీ. దగ్గర లోటు పూడాలంటే 26 సెకన్లలో 0.9 సెకను తేడా రావాలి. మొదట్లోనూ చివర్లోనూ వేలు ఇంచుమించు ఒకేలా ఆలస్యం చేస్తుంది కాబట్టి అందులో చాలావరకు కొట్టుకుపోతుంది. మూడుసార్లు తీసినా 0.9 సెకను మిగలడం కుదరదు.

నా సలహా ఒక్కటే. ఒక్కో రీడింగు నుంచి విడివిడిగా జీ తీయకండి. పొడవును అడ్డంగా, టీ స్క్వేర్‌ను నిలువుగా తీసుకుని గ్రాఫ్ గీయండి. ఆ గీతను బలవంతంగా మూలబిందువు గుండా పోనివ్వకండి. ఐదు చుక్కలు ఎటు పొమ్మంటే అటు పోనివ్వండి. అది అడ్డం అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చూసి చెప్పండి, మాస్టారూ. తర్వాత ఆ గుండును చేతిలోకి తీసుకోండి.

హన్మకొండ_సెకండియర్ · డిసెంబర్ 28, ఉదయం 6:30

సార్, అన్నా, అందరికీ నమస్తే. నేను హాస్టల్‌లో ఉండి చదువుతున్నా, ఇప్పుడు రెండు రోజుల కోసం ఇంటికొచ్చా. మా కాలేజీలో ల్యాబ్‌కి తాళం ఉంటది. ప్రాక్టికల్స్ ముందు మూడు రోజులు తీస్తారు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాసుకోవడమే. నేను స్క్రూ గేజ్ పట్టుకున్నది మొత్తం మీద రెండుసార్లు. ఎందులోనైనా 9.8 వచ్చేలా వెనక నుంచి లెక్క వేయడం మాత్రం బాగా వచ్చేసింది. ఇది చెప్పుకోవడానికి నాకు మంచిగా లేదు.

మీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివిన. తప్పు ఎక్కడుందో అంకెలే చెబుతాయని నాకు ఎవరూ చెప్పలేదు. సంక్రాంతికి మళ్లీ ఇంటికొస్తా. ల్యాబ్ లేకుండా, రెండు ఫోన్లు, మా చెల్లె తోడుంటే నిజంగా ఏదైనా కొలవొచ్చా?

లోలకం_మాస్టారు · డిసెంబర్ 29, సాయంత్రం 5:55

ఈ రోజు జరిగింది మీ అందరికీ చెప్పాలి.

గ్రాఫ్ గీశారు. టీ స్క్వేర్ విలువలు 1.729, 2.544, 3.349, 4.162, 4.973. ఐదు చుక్కలూ గీత గీసినట్టు ఒకే వరసలో పడ్డాయి. ఇంత చక్కగా కుదిరినవి తప్పుడు రీడింగులు ఎలా అవుతాయని పిల్లలే అన్నారు. వాలు 4.05 వచ్చింది. ఆ వాలుతో జీ తీస్తే 9.74! గీతను ఎడమ పక్కకి పొడిగిస్తే అడ్డం అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా మైనస్ 2.7 సెం.మీ. దగ్గర తాకింది.

అప్పుడు గుండు చేతికి తీసుకున్నాం. పొడవులు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలిచారమ్మా అని అడిగాను. "చెక్కల దగ్గర నుంచి కొక్కెం ముడిదాకా సార్" అంది ఆ మేస్త్రి గారమ్మాయి. ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయి గుండు వంక చూసింది. ల్యాబ్‌లో ఇచ్చే గోళీకైతే వ్యాసార్ధం కలపాలని అందరికీ కంఠతా వచ్చు. దీనికి వ్యాసార్ధం ఎక్కడిది? పైన లావు, కింద సన్నం. కేంద్రం ఎక్కడుందో తెలియక దారం వరకే కొలిచి ఊరుకున్నారు.

స్టీలు స్కేలు అంచు మీద గుండును అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ తూచినట్టు నిలబెట్టారు. నాలుగైదుసార్లు దొర్లిపోయింది. చివరికి నిలిచిన చోట సుద్దముక్కతో గీత పెట్టి, ముడి నుంచి కొలిస్తే 2.8 సెం.మీ. గ్రాఫ్ చెప్పింది 2.7. గుండును చూడకుండా, తాకకుండా, దాని గరిమనాభి ఎక్కడుందో ఐదు సమయాలు చెప్పేశాయి. ఆ అమ్మాయి ముఖం మీరు చూడాల్సింది.

పాత ఒలింపియాడ్ గారూ, మీకు చాలా థాంక్స్. ఒక్క రీడింగు సర్ది ఉన్నా ఈ 2.7 మాకు దొరికేది కాదు.

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి · డిసెంబర్ 29, రాత్రి 8:20

చదువుతుంటే కడుపు నిండినట్టుంది మాస్టారూ. దీనికి సరిగ్గా తగిన పాత కథ ఒకటుంది, పిల్లలకి చెప్పండి.

1672లో ఝాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్ వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. సెకను లోలకాన్ని, అంటే ఒక పక్క నుంచి ఇంకో పక్కకి సరిగ్గా సెకనులో ఊగేదాన్ని, మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా కురచ చేస్తే గానీ కుదరలేదు. ఆయన కొలతలోనే తప్పుందని కొందరు అనుమానించారు. రిషే తన అంకెలు మార్చలేదు. తర్వాత న్యూటన్ 1687లో ప్రచురించిన తన గ్రంథంలో, భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుందనడానికి ఈ కొలతను సాక్ష్యంగా వాడుకున్నాడు. పారిస్‌లో జీ 9.81, మీ గుంటూరులో 9.78. మీ పిల్లలు పోల్చుకోవాల్సింది పుస్తకంలోని 9.8తో కాదు, 9.78తో. వాళ్ల 9.74కు తేడా అర శాతం కూడా లేదు.

మేస్త్రి గుండు అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. మన దేశంలో సర్వే చేసిన వాళ్లకు కూడా గుండు ఇలాంటి చిక్కే పెట్టింది. ఉత్తరాదిన రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలను చూసి లెక్కిస్తే ఇంకో లెక్క వచ్చింది. తేడా 5 సెకన్ల కోణానికి కాస్త ఎక్కువ (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). హిమాలయాలు గుండును తమ వైపు లాగుతున్నాయేమోనని 1855లో ప్రాట్ అనే ఆయన లెక్క వేస్తే, అంతకంటే చాలా ఎక్కువ లాగాలని తేలింది. అంత పెద్ద పర్వతాలు ఎందుకు తక్కువ లాగుతున్నాయన్న ప్రశ్న నుంచే కొండల కింద భూమి ఎలా ఉంటుందన్న చర్చ పుట్టింది. తర్వాత బసేవి అనే సర్వే అధికారి లోలకాలు మోసుకుని దేశమంతా తిరిగి జీ కొలిచాడు. 1871లో లద్దాఖ్ ఎత్తుల్లో ఆ పని మీద ఉండగానే చనిపోయాడు.

ఇక నా సొంత తప్పు ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినర్‌గా వేశారు. గదిలో అందరికీ 9.8 వచ్చింది. ఒక్కబ్బాయికి 9.5. వాడి కాగితంలో కొట్టివేతలున్నాయి, ఒక రీడింగు పక్కన "దారం జారింది, మళ్లీ తీశాను" అని రాసుంది. నేను వాడికి మార్కులు తగ్గించాను. గదిలో ప్రయోగం చేసింది వాడొక్కడేనని నాకు ఆ సాయంత్రం బస్సులో తట్టింది. అప్పటికి మార్కుల షీటు సీలు వేసేశారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ కాగితం నా కళ్ల ముందే ఉంది. హన్మకొండ బాబూ, నువ్వు రాసింది చదివి మళ్లీ గుర్తొచ్చింది. నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు నాన్నా, సిగ్గుపడాల్సింది మేము.

మియాపూర్_అమ్మ · డిసెంబర్ 30, ఉదయం 11:05

నమస్తే అండీ. మా బాబు కూడా ఇంటర్ సెకండియర్. మీరందరూ రాసింది ఎంతో బాగుంది, కానీ నాకొక భయం. జేఈఈకి రోజులు దగ్గర పడుతున్నాయి. వీక్లీ టెస్టులు, గ్రాండ్ టెస్టులతో వాడికి నిద్రే సరిగ్గా లేదు. దారానికి గుండు కట్టి ఊపుతూ కూర్చుంటే చదువు వెనకబడదా? నేను తప్పు పట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

లెస్టర్_టీచరమ్మ · డిసెంబర్ 30, సాయంత్రం 6:40

మేడమ్, మీ టెన్షన్ నాకు తెలుసు, నేనూ విజయవాడలో అలాగే చదువుకుని వచ్చాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎ లెవెల్ (ఇక్కడి ఇంటర్ లాంటిది) పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. జేఈఈ మెయిన్ సిలబస్‌లోనే ప్రయోగ నైపుణ్యాలు అని ఒక యూనిట్ ఉంది. వెర్నియర్, స్క్రూ గేజ్, సరళ లోలకం, మీటర్ బ్రిడ్జి, అనునాద గొట్టం అన్నీ అందులోవే. గ్రాఫ్ వాలు అంటే ఏంటో చేత్తో గీసి తెలుసుకున్న పిల్లాడు ఆ ప్రశ్న దగ్గర ఆగడు. అయితే ఇది ర్యాంకు తెస్తుందని నేను మీకు మాటివ్వలేను. ఒక ఆదివారం రెండు గంటలు పోతాయి. వాడికి ఆసక్తి ఉంటేనే చేయనివ్వండి, లేకపోతే హాయిగా పడుకోనివ్వండి.

ఇక్కడ ఎ లెవెల్‌లో రెండేళ్లలో కనీసం 12 ప్రాక్టికల్స్ చేయాలి. వాటికి మార్కులుండవు, పాస్ అయ్యారా లేదా అన్నది మాత్రం విడిగా సర్టిఫికెట్ మీద పడుతుంది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్ అనే ఇంకో కోర్సు) చదివే పిల్లలైతే ప్రశ్న కూడా వాళ్లే ఎంచుకోవాలి, ఆ నివేదికకు మొత్తంలో 20 శాతం ఉంటుంది. ఇక్కడ పిల్లలందరూ గొప్పగా చేస్తారని కాదు. వీళ్లలోనూ జవాబు ముందు చూసి రీడింగులు రాసేవాళ్లున్నారు. తేడా ఏంటంటే, నేను జవాబు అడగను, "నీ జవాబు ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడుగుతాను.

మాస్టారూ, మీ పిల్లలు ఆ పని కూడా చేస్తే బాగుంటుంది. 9.74 అంటే 9.74కు ఎంత అటూ ఇటూ? ఒక్కో పొడవుకు తీసిన మూడు సమయాల మధ్య తేడా చూసి, ప్రతి చుక్కకీ పైకీ కిందకీ చిన్న గీత పెట్టమనండి. ఆ గీతలన్నిటినీ తాకుతూ వీలైనంత నిటారుగా ఒక గీత, వీలైనంత వాల్చి ఇంకొకటి గీస్తే రెండు జీ విలువలు వస్తాయి. 9.78 ఆ రెండిటి మధ్య పడితే మీ కొలతకూ గుంటూరు విలువకూ తగవు లేనట్టే. ఇంకో చిన్న సంగతి, టైము పట్టడం చివర్లో కాదు, గుండు మధ్యలోంచి దూసుకుపోయేటప్పుడు పట్టాలి. చివర్లో అది నెమ్మదిస్తుంది, ఎప్పుడు ఆగిందో కంటికి తేలదు. వెనక గోడ మీద ఒక నిలువు గీత గీసుకుంటే చాలు.

పాత_ఒలింపియాడ్ · డిసెంబర్ 31, మధ్యాహ్నం 2:15

హన్మకొండ తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. రెండు ఫోన్లు, చెల్లెలు ఉంటే ధ్వని వేగం కొలవొచ్చు.

ఫైఫాక్స్ అని ఉచితంగా దొరికే యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. అందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరిస్తే, ఒక చప్పుడుకు మొదలై తర్వాతి చప్పుడుకు ఆగుతుంది. నువ్వొక ఫోన్ దగ్గర, చెల్లెలు ఇంకో ఫోన్ దగ్గర 10 మీటర్ల దూరంలో నిలబడండి. ముందు నువ్వు చప్పట్లు కొట్టు. నీ గడియారం వెంటనే మొదలవుతుంది, చెల్లెలిది ధ్వని అక్కడికి చేరాక మొదలవుతుంది. తర్వాత తను కొట్టాలి. తన గడియారం వెంటనే ఆగుతుంది, నీది ధ్వని నిన్ను చేరాక ఆగుతుంది. రెండు ఫోన్లలో సమయాల తేడా అంటే ధ్వని ఒకసారి వెళ్లి ఒకసారి వచ్చిన సమయం. రెండు గడియారాలనూ కలిపి ఉంచాల్సిన పనే లేదు, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే.

10 మీటర్లకు తేడా సుమారు 0.057 సెకను వస్తుంది. ఫోన్ వెయ్యో వంతు సెకను దాకా చూపిస్తుంది కాబట్టి ఒక్క రీడింగులో సెకనుకు 6 మీటర్ల దాకా అటూ ఇటూ ఉంటుంది. పదిసార్లు తీసి సగటు వేయి. అది కుదిరాక ఒక ప్రశ్న నీకు. చలికాలం పొద్దున, మధ్యాహ్నం ధ్వని వేగంలో తేడా కనిపిస్తుందా? డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. ఆ తేడా పట్టుకోవాలంటే 10 మీటర్లు చాలవు. ఎంత కావాలో నువ్వే లెక్క వేసుకో.

లోలకం_మాస్టారు · జనవరి 6, రాత్రి 9:30

లెస్టర్ మేడమ్ చెప్పినట్టు రెండు గీతలు గీశారు. 9.66 నుంచి 9.82 వరకు వచ్చింది. 9.78 లోపలే ఉంది.

ఇప్పుడు పిల్లలు కాంతి మీద పడ్డారు. ఒక పాత సీడీ, సెంటర్‌లో కొన్న ఎర్ర లేజర్ పాయింటర్. అట్టకు చిల్లు పెట్టి అందులోంచి కిరణం పంపి, 50 సెం.మీ. దూరంలో అట్టకు సమాంతరంగా సీడీ నిలబెట్టారు. తిరిగొచ్చిన మధ్య చుక్క చిల్లు మీదే పడేలా సర్దడానికే అరగంట పట్టింది. రెండు పక్కలా మొదటి చుక్కలు చిల్లు నుంచి 22.3 సెం.మీ. దూరంలో పడ్డాయి. సీడీ మీదుండే సన్నని గాళ్ల (గాడుల) మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. లెక్క వేస్తే తరంగదైర్ఘ్యం 714 నానోమీటర్లు వచ్చింది. పాయింటర్ మీద 650 అని రాసుంది. ఈసారి 9.8 కోసం వెతికినట్టు ఎవరూ వెతకలేదు, "తప్పు ఎటు వైపు ఉంది సార్" అనే అడిగారు.

పిల్లలకి ఇంకో సంగతి కూడా చెప్పాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఝాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వర్ణపటదర్శినితో మా గుంటూరుకే వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని ఇక్కడి నుంచే విడదీసి చూశాడు. గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూడొచ్చని ఆయనకు ఇక్కడే తట్టింది, మర్నాడే చూశాడు కూడా. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పోగ్సన్ అదే గ్రహణాన్ని చూశాడు. ఆ ఏడాది ఆ వెలుగులో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అయింది. భూమి మీద ఆ వాయువు దొరకడానికి 1895 దాకా పట్టింది. ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల్లో ఒక్కరికీ ఇది తెలియదు. సీడీ చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

పాత_ఒలింపియాడ్ · జనవరి 6, రాత్రి 11:20

714 చూడగానే తెలిసిపోయింది. 22.3ను 50తో భాగించి 1.6తో గుణించారు కదా? అది యంగ్ జంట చీలికల లెక్కలో వాడే దారి. అక్కడ కోణం చాలా చిన్నది కాబట్టి సైన్ కీ టాన్ కీ తేడా ఉండదు. ఇక్కడ కోణం 24 డిగ్రీలు. గ్రేటింగ్‌కి, అంటే సీడీలా దగ్గర దగ్గరగా గీతలున్న పలకకి, కావాల్సింది సైన్. 22.3నూ 50నూ భుజాలుగా తీసుకుంటే కర్ణం 54.75. 22.3ను 54.75తో భాగించండి, 0.407. దాన్ని 1.6తో గుణిస్తే 652 నానోమీటర్లు. కొలత ఎంతో బాగా చేశారు, సూత్రమే అరువు తెచ్చుకున్నారు.

ఇప్పుడు తరంగదైర్ఘ్యం తెలిసిపోయింది కాబట్టి సీడీ తీసి డీవీడీ పెట్టండి. దాని గాళ్ల దూరం తెలియనట్టే కొలవండి. చుక్కలు చాలా దూరంగా పడతాయి, అట్టను 20 సెం.మీ. దగ్గరికి తెచ్చుకోండి. 0.74 మైక్రోమీటర్లకు దగ్గరగా రావాలి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2015లో అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్ మన ముంబయిలో జరిగింది. 50 మార్కుల్లో 20 ప్రయోగాలకే ఉంటాయి. ఆ ఏడాది ఇచ్చిన ప్రయోగాల్లో ఒకటి స్ప్రింగ్ లాంటి సర్పిలం గుండా లేజర్ పంపడం. బాల్ పెన్ను విప్పితే వచ్చే చిన్న స్ప్రింగుతో మీరూ చేయొచ్చు. చీకటి గదిలో స్ప్రింగును నిలువుగా అంటించి, మధ్యలోంచి కిరణం పంపి, మూడు నాలుగు మీటర్ల దూరంలో గోడ మీద చూడండి. ఇంటూ గుర్తు ఆకారంలో చుక్కల వరసలు వస్తాయి. పక్క నుంచి చూస్తే స్ప్రింగు ముందు చుట్లు ఒకవైపు, వెనక చుట్లు ఇంకోవైపు వాలి ఉంటాయి. ఒక్కో వరస తీగలూ కాంతిని తమకు లంబంగా చెదరగొడతాయి. ఆ రెండు చేతుల మధ్య కోణం కొలిచి, స్ప్రింగుకు దగ్గర నుంచి ఫోటో తీసి తీగల మధ్య కోణంతో పోల్చండి. 1952లో లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన డీఎన్ఏ ఎక్స్‌రే చిత్రంలో కనిపించిన ఆకారం ఇదే. డీఎన్ఏ సర్పిలమని ఆ ఇంటూ గుర్తే చెప్పింది.

భిలాయ్_ఇంజినీర్ · జనవరి 7, ఉదయం 7:15

మొదట్లో నేను చెప్పిన కారణం అంకెల ముందు నిలబడలేదు, నాకు అందులో సంతోషమే. ఇప్పుడు మాత్రం ఒక మాట గట్టిగా చెబుతాను. లేజర్‌తో జాగ్రత్త. కిరణం పిల్లల కంటి ఎత్తులో ఉండకూడదు. బల్ల ఎత్తులో పెట్టి, అందరూ నిలబడి చేయండి. సీడీ అద్దం లాంటిది, కాస్త కదిలితే చుక్క ఎటైనా పోతుంది, కాబట్టి ముందు బిగించి తర్వాతే స్విచ్ వేయండి. చవక పాయింటర్ల మీద రాసిన పవర్‌ను నమ్మొద్దు. ఆకుపచ్చవి అసలు వద్దు. వాటిలో కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా బయటికి వచ్చే అవకాశం ఉంది, కన్ను రెప్ప వేయడానికి కూడా తెలియదు.

హన్మకొండ_సెకండియర్ · జనవరి 16, రాత్రి 8:45

అన్నా, చేసిన!

ముందు ఇంటి డాబా మీద 10 మీటర్లు. పది రీడింగుల్లో తేడాలు 0.055 నుంచి 0.060 దాకా వచ్చాయి, సగటు 0.0575. అంటే సెకనుకు 348 మీటర్లు. మా నాయన కూడా వచ్చి చూసిండు.

తర్వాత మీరు అడిగిన ప్రశ్న. పొద్దునకీ మధ్యాహ్నానికీ 13 డిగ్రీల తేడా ఉంటే వేగంలో తేడా 8 మీటర్లు. 10 మీటర్ల దూరంలో అది ఒకటిన్నర మిల్లీసెకను కూడా కాదు, మా రీడింగులే అంతకంటే ఎక్కువ ఊగుతున్నాయి. అందుకే 30 మీటర్లు తీసుకున్నాం. డాబా చాలదు, ఊరి చెరువు కట్ట మీదికి పోయినం. అంత దూరం చప్పట్లు ఫోన్‌కి వినపడలేదు. స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడితే పనిచేసింది. మొదటి రోజు పొద్దున పక్షుల అరుపులకే గడియారం మొదలైపోయి సగం రీడింగులు పోయాయి. అవి కూడా కొట్టేయకుండా "పిట్ట" అని రాసి పెట్టిన.

మధ్యాహ్నం 28 డిగ్రీలప్పుడు సగటు తేడా 0.1725 సెకను, వేగం 348. పొద్దున ఆరున్నరకు 15 డిగ్రీలప్పుడు 0.1760, వేగం 341. ఒక్కో పూట పన్నెండు రీడింగులు. చల్లగా ఉన్నప్పుడు ధ్వని నిజంగానే నెమ్మదిగా పోయింది. పుస్తకంలో ఉన్నదే, కానీ ఇది నేను చూసిన.

రిటైర్డ్_లెక్చరర్_రాజమండ్రి · జనవరి 16, రాత్రి 9:30

శభాష్ నాన్నా. ఆ "పిట్ట" రీడింగులు దాచుకో, పారేయకు. ఎగ్జామినర్‌గా ఒక్క ప్రశ్న అడుగుతాను. చెరువు కట్ట మీద గాలి ఉంటుంది. మధ్యాహ్నం ఎక్కువ, పొద్దున తక్కువ. గాలి వాలు వెంట ధ్వని వేగంగా పోతుంది, ఎదురుగా నెమ్మదిగా పోతుంది. నీకు వచ్చిన ఆ 7 మీటర్ల తేడా ఉష్ణోగ్రతది కాదు, గాలిదేనని నేనంటే ఏమంటావు?

హన్మకొండ_సెకండియర్ · జనవరి 17, ఉదయం 5:50

సార్, రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పుడే తేలింది. నా పళ్లెం చప్పుడు చెల్లె వైపు పోయింది, చెల్లె చప్పుడు నా వైపు వచ్చింది. గాలి ఒకదానికి సాయం చేస్తే ఇంకోదానికి అడ్డం పడింది. నేను లెక్కించిన తేడాలో రెండు ప్రయాణాలూ కలిసే ఉన్నాయి. గాలి సెకనుకు 5 మీటర్లు అనుకుని వేసి చూసిన. పోయేటప్పుడు 30 బై 353, వచ్చేటప్పుడు 30 బై 343. రెండూ కలిపితే 0.17245. గాలి లేకుండా 60 బై 348 అంటే 0.17241. తేడా లక్షలో నాలుగు వంతుల సెకను. నా ఫోన్‌కి అది కనిపించదు సార్. గాలి అడ్డంగా వీచినా మార్పు అంతకంటే ఎక్కువ రాదు. తేడా ఉష్ణోగ్రతదే.

ఈ రోజు సాయంత్రం హాస్టల్‌కి పోవాలి. బస్సు నాలుగింటికి. అంతలోపల ఇంకోసారి కట్ట మీదికి పోయి వస్తాం, చెల్లె ఫోన్లు చార్జింగ్ పెట్టింది.